అచ్చులో మన ముఖాలు

చరిత్ర పుస్తకాల్లో బొమ్మల గురించి మనం అందరికన్నా ఆఖరున ఆలోచిస్తాం. రాత అయిపోయి, ప్రూఫులు దిద్దడం అయిపోయి, పుస్తకం ప్రెస్సుకి వెళ్లే వారం ముందు “ఫొటోలేమైనా ఉన్నాయా మేడమ్?” అని అడుగుతారు. అప్పుడు వెతుకులాట మొదలవుతుంది. దొరికినవి పెన్‌డ్రైవులో వేసి ఇచ్చేస్తాం. ఆ తర్వాత జరిగేదంతా కంప్యూటరు పని, మనకి సంబంధం లేని పని. నాలుగేళ్లుగా మా టేకులపల్లి మండలంలోని కోయగూడేల్లో, లంబాడీ తండాల్లో పెద్దవయసు ఆడవాళ్ల జీవిత కథనాలు సేకరిస్తున్నాను. వాటిని పుస్తకంగా తెచ్చే క్రమంలో ఖమ్మంలో ఒక డీటీపీ సెంటర్లో చాలా రోజులు కూర్చున్నాను. అక్కడ నాకు స్పష్టమైన విషయం ఇది: బొమ్మని అచ్చుకి సిద్ధం చేయడం కూడా చరిత్ర రాయడమే. ఎవరి ముఖం కనిపించాలి, ఎంత కనిపించాలి, ఏ రంగులో, ఏ పేరుతో కనిపించాలి అన్న నిర్ణయాలన్నీ అక్కడే జరుగుతాయి. మనం పక్కన లేకపోయినా అవి ఆగవు. ఎవరో ఒకరు, ఏదో ఒక అలవాటు ప్రకారం తీసేసుకుంటారు.

అసలు ఈ ఆడవాళ్ల ఫొటోలు ఎక్కడున్నాయి? వాళ్లకి పెళ్లి ఆల్బమ్‌లు లేవు. చాలామందికి ఉన్నవి ప్రభుత్వం తన అవసరం కోసం తీసిన ఫొటోలే. రేషన్ కార్డు మీద కుటుంబమంతా వరుసగా నిలబడ్డ ఫొటో, ఓటరు కార్డు మీద నల్లటి మసక ముఖం, ఉపాధి హామీ పథకం 2006లో మొదటి విడతలోనే మా ఖమ్మం జిల్లాకి వచ్చినప్పుడు జాబ్ కార్డు కోసం తీసిన ఫొటో, ఆ తర్వాత ఆధార్. చనిపోయిన ఒక తల్లిని చూపించమంటే కొడుకు ట్రంకుపెట్టెలోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కార్డు తీసి ఇచ్చాడు. అంగుళం వెడల్పు ఫొటో, దాని మీద సగం చెంపని కప్పేస్తూ ఆఫీసు ముద్ర. ఆమె ఈ భూమ్మీద డెబ్బై ఏళ్లకి పైగా బతికిందనడానికి మిగిలిన దృశ్యసాక్ష్యం అదొక్కటే.

అచ్చులో ఫొటో స్పష్టంగా రావాలంటే, వేసే సైజులో అంగుళానికి 300 చుక్కలు ఉండాలన్నది సాధారణ లెక్క. అంగుళం ఫొటోని మూడంగుళాల వెడల్పున వేయాలంటే స్కానర్ని 900 డీపీఐ దగ్గర పెట్టాలి. సెల్‌ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపితే ఆ లెక్క తప్పుతుంది. మామూలుగా పంపిన ఫొటోని వాట్సాప్ చిన్నది చేసి, నొక్కి పంపుతుంది. తేదీ, కెమెరా లాంటి వివరాలు కూడా పోతాయి. అందుకే కార్డులనే అడిగి తెచ్చి, స్కాన్ చేసి, మళ్లీ చేతికిచ్చి వచ్చాను. పరిశోధకులం ఎవరి ఇంటి కాగితమైనా తీసుకుపోతే తిరిగి రాదన్న అనుభవం ఆ ఇళ్లకి ఉంది. అయితే 900కి పైన ఎంత పెంచినా కొత్త వివరం రాదు, కాగితం గరుకుతనమే పెద్దదవుతుంది. లేనిదాన్ని స్కానరు పుట్టించలేదు.

ముద్రని ఏం చేయాలి? ఫొటోషాప్‌లో చెరిపేయడం పది నిమిషాల పని. నేను చెరపనివ్వలేదు. ఆమెని రాజ్యం ఎలా చూసిందో చెప్పే గుర్తు అది. ఆ ముద్రతోనే ఆమె బియ్యం తెచ్చుకుంది, ఓటేసింది, కూలి డబ్బులు తీసుకుంది.

మా అడవి అంచు స్త్రీల ముఖాలు అచ్చులోకి ఎక్కడం ఈనాటి సంగతి కాదు. 1909లో ఎడ్గర్ థర్స్టన్, కె. రంగాచారి కలిసి ఏడు సంపుటాల్లో దక్షిణ భారత కులాల, తెగల గ్రంథాన్ని తెచ్చారు. కోయలూ లంబాడీలూ దాని నాలుగో సంపుటిలో ఉన్నారు. థర్స్టన్ మద్రాసు మ్యూజియం అధికారి. మనుషుల ముక్కులనీ తలలనీ కొలిచి పట్టికలు వేసిన వ్యక్తి. ఆయన దృష్టిలో ఫొటో కూడా ఒక కొలతే. ఆ తర్వాత 1940లలో క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం రాజ్యంలో ఉండి చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజగోండుల మీద వరసగా పుస్తకాలు రాశాడు. గోదావరి కొండల్లోని కొండరెడ్ల మీద రాసిన పుస్తకం 1945లో వచ్చింది. థర్స్టన్ కన్నా ఎంతో దగ్గరగా, ఎంతో ప్రేమగా చూసినవాడే. ఆయనతో పాటు భార్య బెట్టీ కూడా ఈ అడవుల్లో తిరిగింది. ఆమె 1987లో హైదరాబాదులో చనిపోతే ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో ఖననం చేశారు. ఆ దంపతుల శ్రమకి గుర్తింపుగా పుస్తకాల మీద ముందు కనిపించేది ఆయన పేరే. ఆయన తీసిన వేల ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయస్ గ్రంథాలయంలో డిజిటల్ రూపంలో భద్రంగా ఉన్నాయి. వాటిలోని స్త్రీల మనవరాళ్లు ఇక్కడ పోడు భూముల్లో ఉన్నారు. ఫొటోకి ‘కర్త’ తీసిన మనిషే అని మన 1957 కాపీరైట్ చట్టం చెబుతుంది. ముఖం ఇచ్చిన మనిషికి అందులో చోటు లేదు.

ఆ తరం పుస్తకాల్లో బొమ్మ కింద వ్యాఖ్య ఎలా ఉంటుందో మనకి తెలుసు. ఒక కోయ స్త్రీ. కొండరెడ్డి యువతి. నీళ్లు మోస్తున్న స్త్రీలు. జాతి పేరు ఉంటుంది, పని ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఈ అలవాటు మీద మన దగ్గర పడిన మొదటి పెద్ద దెబ్బ స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలని పేరుపేరునా, వాళ్ల మాటల్లోనే నిలబెట్టింది ఆ పుస్తకం. పోరాట దళాలు 1948 తర్వాత మైదానాలు వదిలి గోదావరి అడవుల వైపు జరిగినప్పుడు వాళ్లకి తిండి పెట్టినవాళ్లలో, దారి చూపినవాళ్లలో కోయ స్త్రీలున్నారు. మల్లు స్వరాజ్యం అడవిలో రాజక్క అయింది. రహస్య జీవితంలో పేరు మార్చుకోవడం ప్రాణరక్షణ. తుపాకులు ఎక్కుపెట్టిన మహిళల వరుసలో ఆమె ఉన్న ఫొటో మనందరికీ తెలుసు. ఆమె 2022లో చనిపోయినప్పుడు అది మళ్లీ పేపర్లన్నిటిలోనూ వచ్చింది. ఆమె పేరు మనకి కంఠతా వచ్చు. ఆ వరుసలో మిగిలినవాళ్ల పేర్లు ఎన్ని ప్రచురణల్లో చూశాం? బొమ్మ చేతులు మారినప్పుడల్లా మొదట రాలిపోయేది అంచున ఉన్న మనిషి, ఆ తర్వాత ఆమె పేరు.

ముఖం రాలిపోవడానికి యంత్రాలు కూడా కారణమే. అచ్చు యంత్రం బూడిద రంగుని అచ్చువేయలేదు. సిరా ఉంటుంది, లేదా ఉండదు. అందుకే ఫొటోని చిన్నా పెద్దా చుక్కలుగా విడగొట్టే హాఫ్‌టోన్ పద్ధతి 1880లలో వాడుకలోకి వచ్చింది. దూరం నుంచి చూస్తే ఆ చుక్కలు కలిసి వెలుగునీడల్లా కనిపిస్తాయి. కాగితం మీద పడ్డ సిరా చుక్క కొంచెం పాకుతుంది. న్యూస్‌ప్రింటు మీద ఎక్కువ, మామూలు మ్యాప్‌లితో కాగితం మీద కొంత తక్కువ, ఆర్ట్ పేపర్ మీద ఇంకా తక్కువ. సగం నలుపు ఉండాల్సిన చోట న్యూస్‌ప్రింటు మీద దాదాపు ముప్పావు నలుపు వస్తుంది. తెల్లని ముఖం ఈ పాకుడుని తట్టుకుంటుంది. నల్లని ముఖం తట్టుకోలేదు. దగ్గరదగ్గరగా ఉన్న ముదురు చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కళ్లు, ముక్కు, ముడతలు అన్నీ ఒకే మరకవుతాయి. పాత దినపత్రికల్లో కూలి స్త్రీల ఫొటోలు చూడండి. చీర అంచు కనిపిస్తుంది, ముఖం కనిపించదు.

ఫిల్ము యుగంలో కూడా అంతే. కోడక్ కంపెనీ రంగు ఫొటోల లాబులకి ‘షర్లీ కార్డు’ అని ఒకటి పంపేది. దాని మీద ఒక తెల్ల స్త్రీ బొమ్మ. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా ఉన్నట్టు. దశాబ్దాల పాటు ప్రపంచంలోని చర్మాలన్నిటికీ ఆమే కొలమానం. ముదురు గోధుమ ఛాయలు సరిగ్గా రావడం లేదని గట్టిగా ఫిర్యాదు చేసినవాళ్లలో చాక్లెట్ కంపెనీలు, కలప సామాను అమ్మేవాళ్లు ఉన్నారని ఈ చరిత్ర మీద పనిచేసిన కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ రాసింది. పేరులోనే టేకు ఉన్న ఊరిదాన్ని కాబట్టి ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. టేకు బల్ల రంగు కోసం జరిగిన పోరు టేకు అడవిలో బతికే మనిషి రంగు కోసం జరగలేదు.

డిజిటల్ బొమ్మ చరిత్ర కూడా ఒక స్త్రీ ముఖంతోనే ముడిపడి ఉంది. 1973లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బొమ్మల మీద ప్రయోగాలు చేస్తున్నవాళ్లకి స్కాన్ చేయడానికి ఒక మంచి ముఖం కావాల్సి వచ్చింది. చేతికందిన ‘ప్లేబాయ్’ పత్రిక 1972 నవంబరు సంచికలోని నగ్నచిత్రాన్ని భుజం దాకా కత్తిరించి స్కాన్ చేశారు. అంగుళానికి వంద గీతల స్కానరు, 512 గడుల వెడల్పు, 512 గడుల పొడవు. ఆమె పేరు లేనా. ఆ తర్వాత యాభై ఏళ్లు బొమ్మల్ని నొక్కి దాచే పద్ధతులనీ, స్పష్టత పెంచే పద్ధతులనీ ఆమె ముఖం మీదే పరీక్షించారు. తరగతి గదిలో ఆ బొమ్మ ఎదురైతే అమ్మాయిలకి ఎలా ఉంటుందని ఎందరో అడిగాక, లేనా స్వయంగా తనని ఇక విశ్రాంతి తీసుకోనివ్వమన్నాక, ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ బొమ్మ ఉన్న వ్యాసాలు తీసుకోవడం మానేసింది. స్త్రీని ఎక్కడ కత్తిరించాలి అన్నది మొదటి నుంచీ ‘సాంకేతిక’ ప్రశ్నగానే చలామణీ అయిందనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

ఈ చరిత్రంతా ఖమ్మం డీటీపీ సెంటర్లో ఒక బల్ల మీదకి దిగింది. అక్కడ పనిచేసే అమ్మాయి చాలా నేర్పరి. రోజుకి పది గంటలు ఆ తెర ముందే కూర్చుంటుంది. పుస్తకాల్లో ఆమె పేరు కూడా ఎక్కడా ఉండదు. మొదటి ఫొటో తెరవగానే అలవాటుగా ముఖాన్ని తెల్లగా చేసింది. “అందరూ అట్లనే చెయ్యమంటరు మేడమ్, లేకపోతే మాకు పేరొస్తది” అంది. పెళ్లి ఫొటోలు, ఫ్లెక్సీలు నేర్పిన పాఠం అది. నేను వద్దన్నాను. వద్దని ఊరుకుంటే సరిపోదు, ఎందుకంటే ఉన్నదున్నట్టు పంపితే కాగితం మీద ముఖం మరకైపోతుంది. తెల్లబరచకుండా కనిపించేలా చేయడం ఎలా? ఫొటో మొత్తానికి వెలుతురు పెంచకుండా, ముదురు ఛాయల భాగంలో మాత్రమే ఒకదానికొకటి తేడా తెలిసేలా ‘కర్వ్స్’ సవరించాం. అత్యంత నల్లని చోటు కూడా తొంభై శాతం దాటకుండా చూశాం, సిరా పాకడానికి కాస్త చోటు మిగిలేలా. నలుపు నలుపుగానే ఉంది, అందులోనే కళ్లు కనిపించాయి.

రంగు ఫొటోని నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది. మా పెద్దవాళ్లకి నుదుటి మీద, చేతుల మీద పచ్చబొట్లున్నాయి. పొడిపించుకున్న వయసు, పొడిచిన మనిషి, ఆ నొప్పి అన్నీ వాళ్ల కథనాల్లో వస్తాయి. కంప్యూటరులో ప్రతి రంగు ఫొటోకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుంటాయి. నీలం పొరని తీసుకుంటే చర్మం నల్లబడి పచ్చబొట్టు అందులో మునిగిపోతుంది. ఎరుపు పొరలో పచ్చబొట్టు చక్కగా తేలుతుంది గానీ చర్మం ఉన్నదానికన్నా తెల్లగా వస్తుంది. ఒక నిజాన్ని నిలబెడితే ఇంకో నిజం జారిపోతోంది. చివరికి ఎరుపు పొర ఎక్కువ పాలు ఉంచి, ఆ తర్వాత చర్మం ఛాయని మళ్లీ కిందికి దింపాం. ఒక్కో ఫొటోకి గంట పట్టింది. ఫోన్లలోని అందం పెంచే యాప్‌లకి ఇదంతా అక్కర్లేదు. వాటికి పచ్చబొట్టూ మచ్చే, ముడతా మచ్చే, ఒక్క తోపుడుతో తుడిచేస్తాయి.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. మసక ఫొటో ఇస్తే క్షణంలో స్పష్టమైన ముఖం ఇస్తుంది. ఓటరు కార్డు ఫొటోని ఒకసారి అలా చేసి చూశాం. మెరిసే కళ్లు, చక్కని పెదవులు వచ్చాయి. అవి ఆమెవి కావు. ఎక్కడెక్కడివో లక్షల ముఖాల నుంచి యంత్రం ఊహించి అతికించినవి. కూతురికి చూపిస్తే ఎవరీమె అని అడిగింది. మసకగా ఉన్న అసలు ముఖాన్నే చిన్న సైజులో వేయాలని అక్కడే తేలిపోయింది. సైన్సు పత్రికలు ఈ విషయంలో మనకన్నా ముందే మేల్కొన్నాయి. ‘జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ’ 2002 నుంచీ తమకి వచ్చే బొమ్మల్ని తనిఖీ చేస్తోంది. బొమ్మలో ఏ ఒక్క భాగాన్నీ విడిగా పెంచకూడదు, మరుగుపరచకూడదు, జరపకూడదు, తీసేయకూడదు, కొత్తగా చేర్చకూడదు అన్నది వాళ్ల నియమం. సూక్ష్మదర్శినిలోని కణానికి ఉన్న ఈ రక్షణ ఒక కోయ స్త్రీ ముఖానికి ఎందుకు ఉండకూడదు?

పేర్ల దగ్గర ఇంకో చిక్కు. పాత అను ఫాంట్లలో రాసిన బొమ్మని ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగంతా పోయి ఇంగ్లీషు అక్షరాల గజిబిజి వస్తుంది. యూనికోడ్‌లో రాస్తే, బొమ్మలు గీసే కొన్ని పాత సాఫ్ట్‌వేర్లకి తెలుగు ఒత్తులు కలపడం రాదు. సమ్మక్క ‘సమ్‌మక్‌క’ అవుతుంది. ఆలోచించి చూస్తే మన పేర్లలో ఎక్కువ భాగం అమ్మతోనో అక్కతోనో ముగుస్తాయి, ఆ రెండింటిలోనూ ఒత్తుంది. రాములు, రాజు, లాలు క్షేమంగా బయటపడతారు, ముత్తమ్మ విరిగిపోతుంది. దీనికి మందు ఉంది. ఇన్‌డిజైన్ లాంటి వాటిలో భారతీయ లిపులని అర్థం చేసుకునే కంపోజర్‌ని ఎంచుకోవాలి. బొమ్మలోని అక్షరాలని చివరి ప్రతిలో గీతలుగా మార్చి పంపాలి, లేదా ఫాంట్లు లోపలే ఇమిడిన పీడీఎఫ్ ఇవ్వాలి. తెలిస్తే రెండు నిమిషాల పని. తెలియకపోతే ఆమె పేరు వెయ్యి ప్రతుల్లో ముక్కలై ఉంటుంది.

పటాలది వేరే కథ. ఏ సంవత్సరం పటం వేయాలి? ఈ పెద్దవాళ్లు పుట్టిన నాటికి మాది నిజాం రాజ్యంలోని వరంగల్ జిల్లా. గోదావరి అవతల భద్రాచలం మద్రాసు పరిపాలనలో ఉండేది. ఏరు దాటి కాపురానికి పోయిన ఆడపిల్ల రాజ్యం దాటి పోయినట్టే. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది, 1959లో భద్రాచలం అందులో కలిసింది. 2014లో పోలవరం పేరుతో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి. 2016 అక్టోబరులో టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. ఒక్క పటంలో ఇవన్నీ పట్టవు. అందుకే వరసగా నాలుగు చిన్న పటాలు గీయించి, అన్నిటిలోనూ ఆ స్త్రీల గూడేలని ఒకే చోట, ఒకే గుర్తుతో ఉంచాం. మనుషులు కదలలేదు, గీతలే కదిలాయి. పటాలని ఫొటోల్లా కాక గీతబొమ్మలుగా తయారు చేయాలి. పెంచినా తగ్గించినా గీత చెదరదు. స్కానే చేయాల్సి వస్తే 1200 డీపీఐ కావాలి. గీత మరీ సన్నగా, పావు పాయింటు కన్నా తక్కువ ఉంటే అచ్చులో మాయమవుతుంది. మేం జిల్లా సరిహద్దులని సన్నగా, వాగులనీ నడకదారులనీ మందంగా పెట్టించాం. ఆ కథనాల్లో వాళ్లు దాటినవి వాగులే కదా.

లంబాడీ కుట్టుపనిని రంగుల్లో వేయాలని ఎనిమిది పేజీలు ఆర్ట్ పేపర్ పెట్టుకున్నాం. తెర మీద మండిపోయే ఎరుపు, నీలం నాలుగు సిరాల అచ్చులోకి వచ్చేసరికి చప్పబడతాయి. తెర వెలుగుతో రంగులు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది. ఈ రెంటి పరిధులు ఒకటి కావు. ఆ మార్పు ప్రెస్సులో కాకుండా మన కళ్ల ముందు జరగాలి. రవికెని స్కానరు మీద అణిచిపెడితే కుట్టు ఎత్తు పోయి చదునైన రంగు మిగులుతుంది. పక్క నుంచి పడే వెలుతురులో, నీడపట్టున ఫొటో తీస్తే దారం దారంగా కనిపిస్తుంది, అద్దాలు కళ్లలో కొట్టవు. పక్కన దర్జీ టేపు పెట్టి తీశాం, కొలత తెలియడానికి. బొమ్మ కింద ‘లంబాడీ కళ’ అని రాయలేదు. కుట్టిన ఆమె పేరు, తండా పేరు, కుట్టడానికి పట్టిన నెలలు రాశాం.

అందరికన్నా కష్టమైన నిర్ణయం పాత పుస్తకాల్లోని కొండ స్త్రీల ఫొటోలది. ఒంటి మీద రవికె లేని కాలపు బొమ్మలు. ఉన్నదున్నట్టు వేస్తే వలస చూపునే మళ్లీ అచ్చువేసినట్టు. భుజం దాకా కత్తిరిస్తే లేనాకి చేసిందే చేసినట్టు, పైగా ఆ కాలపు ఒంటితీరులో ఏదో సిగ్గుపడాల్సింది ఉందని మనమే ఒప్పుకున్నట్టు. కొన్ని ప్రతులని గూడెంలో ఆడవాళ్లకే చూపించాను. వాళ్లు మొదట చూసింది పూసల వరసలని, కొప్పు ముడిని. కొందరు నవ్వారు, ఒక అవ్వ తన తల్లి అలాగే ఉండేదని చెప్పింది. పుస్తకంలో వేయొచ్చా అంటే వాళ్లలో వాళ్లకే మాట కలవలేదు. వయసు పెద్దవాళ్లు వేయమన్నారు, కాలేజీ చదివే పిల్లలు వద్దన్నారు. నేను వేయలేదు. ఆ బొమ్మ ఏ పుస్తకంలో ఉందో చెప్పి, వాళ్ల మధ్య జరిగిన ఆ వాదనని పూర్తిగా రాశాను.

ఇదంతా ఒక్కరి వల్ల జరిగే పని కాదు. మన పరిశోధక విద్యార్థినులకి కథనాలు ఎలా సేకరించాలో నేర్పుతున్నాం. వాటితో పాటు వచ్చిన ఫొటోని ఎలా దాచాలో కూడా నేర్పాలి. అసలు స్కాన్‌ని టిఫ్ రూపంలో ముట్టుకోకుండా భద్రపరిచి, మార్పులన్నీ నకలు మీదే చేయాలి. జేపెగ్‌ని తెరిచి మార్చి దాచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. ఫైలుకి కెమెరా ఇచ్చిన అంకె కాకుండా మనిషి పేరు, ఊరు, సంవత్సరం పెట్టాలి. పుస్తకం చివర ‘ఫొటోల గురించి’ అని ఒక పేజీ ఉండాలి. ఎవరు తీశారు, ఎవరి ఇంట్లో దొరికింది, అచ్చు కోసం ఏం మార్చాం, ఎక్కడ కత్తిరించాం, ఎవరు ఒప్పుకున్నారు అన్నవి అందులో రాయాలి. డీటీపీ చేసిన అమ్మాయి పేరు కూడా అక్కడే ఉండాలి. ప్రూఫుని తెర మీద చూసి సరేననకుండా, పుస్తకం అచ్చయ్యే కాగితం మీదే ఒక ప్రతి తీయించి, పగటి వెలుతురులో చూడాలి. దాన్ని ముందు చూడాల్సింది ఆ ఫొటోలోని మనిషి, ఆమె లేకపోతే ఆమె పిల్లలు. వాళ్లు గుర్తుపడితేనే ప్రెస్సుకి సరేననాలి.